గాలి తిరిగిందని చెప్పే ఆవిడ

పోయిన వారం మా అపార్ట్‌మెంటు వాళ్ళ ఫోను గ్రూపులో ఎవరో వాతావరణ హెచ్చరిక పెట్టారు. రాబోయే మూడు రోజులు చెన్నైలో వడగాలులు, పగటి ఉష్ణోగ్రత నలభై ఒకటి దాటవచ్చు, మధ్యాహ్నం పూట అవసరమైతే తప్ప బయటికి రావద్దు. దాని కింద వరసగా దండం పెట్టే చేతులు, చెమట కారే మొహాలు వచ్చాయి. కాసేపటికి మొదటి అంతస్తులో కొత్తగా దిగినాయన ఒక ప్రశ్న వేశాడు. ‘ఇక్కడ సముద్రపు గాలి ఎన్నింటికి వస్తుంది?’

ఎవరూ జవాబివ్వలేదు. తెలియక కాదు, చెప్పే మనిషి ఒకరుండేవారు. ఆవిడ పోయి ఆరు నెలలయింది. ఆ ప్రశ్న కింద ఖాళీని చూస్తూ, ఇరవై ఇళ్ళవాళ్ళమూ ఆ సమయానికి ఆవిడనే తలుచుకుని ఉంటామని నాకు గట్టిగా అనిపించింది.

ఆవిడ పేరు రాయను. బతికి ఉండగా కూడా ఆ పేరుతో పిలిచినవాళ్ళు మా బిల్డింగులో లేరు. అందరికీ ఆపరేటరమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళకి పైగా చేసి రిటైరయింది. పాత పట్నంలో తరాలుగా ధాన్యం వ్యాపారం చేసిన తెలుగువాళ్ళ ఇంటి ఆడపడుచు. ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబమట. ఏ తాత కాలంలోనో వాళ్ళకే తెలియదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేంత చనువు వచ్చేసరికి అడగాలన్న ఆసక్తి పోయింది.

నాలుగో అంతస్తులో, డాబా కింద, బిల్డింగు మొత్తానికీ ఎక్కువ వేడెక్కే ఇల్లు ఆవిడది. ఏప్రిల్ వస్తే ఆ గదుల్లో గోడ మీద చెయ్యి ఆనించలేం. ఆ ఇంటికి ఉన్న సుఖమల్లా రెండు కిటికీలు. ఒకటి తూర్పుకి, సముద్రం వైపు. రెండోది ఉత్తరానికి. అందులోంచి దూరంగా ఎన్నూరు పవర్‌స్టేషను పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆవిడ కుర్చీ ఎప్పుడూ ఉత్తరపు కిటికీ దగ్గరే ఉండేది.

మేము ఒంగోలు నుంచి చెన్నై ఉత్తరపు కొసన ఉన్న ఈ తిరువొత్తియూరుకి వచ్చింది ఒక ఎండాకాలంలోనే. మా ఆయనకి రేవులో ఉద్యోగం. నాకు ఒక స్కూల్లో తెలుగు టీచరు పని దొరికింది. మాతోపాటు మా అత్తయ్య. మాది రెండో అంతస్తు. వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇంట్లో ఫోను మోగింది. పాత ఇంటాయన వదిలి వెళ్ళిన తీగ ఫోను అది. తీశాను.

“గాలి తిరిగింది మ్మా. తూర్పు కిటికీలు తెరువు. పడమటివి మూసెయ్.”

రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతు. ఎవరని అడిగేలోపే పెట్టేసింది. రాంగ్ నంబరనుకున్నాను. కానీ ఎందుకో తూర్పు కిటికీ తీశాను. పొద్దున్నుంచి కొలిమిలాగా ఉన్న గదిలోకి ఉప్పు వాసనతో గాలి వచ్చింది. మా అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని, పమిట చెంగుతో మెడ తుడుచుకుని, “అమ్మయ్య” అంది. ఈ ఊరొచ్చాక ఆవిడ నోట విన్న మొదటి మంచి మాట అది.

మర్నాడు అదే గొంతు, పన్నెండుంబావుకి. ఆ మర్నాడు రెండింటికి. వాచ్‌మన్‌ని అడిగితే పైకి వేలు చూపించాడు.

నేను పైకి వెళ్ళిన రోజు ఆవిడ మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తోంది. అట్టకి క్లిప్పుతో పెట్టిన కాగితం మీద ఇరవై ఫోను నంబర్లు. కూర్చోమని సైగ చేసింది గానీ నా వైపు తిరగలేదు.

“ఆ పొగ చూడు మ్మా. ఏ పక్క వంగి ఉండాది?”

“కుడిపక్కకండీ.”

“అంటే సముద్రం పక్కకి. భూమి మీది గాలి దాన్ని తోస్తా ఉండాది. ఆ గాలి ఉన్నంతసేపూ ఎండ ఎక్కతానే ఉంటాది. ఇప్పుడు మనలి రిఫైనరీ నూనె వాసన కూడా వస్తా ఉండాది కదా, పడమటి నుంచి? రెండూ ఒకటే లెక్క. పొగ నేరుగా నిలబడిందంటే ఇంగ రాబోతుందని. ఎడమపక్కకి వంగితే వచ్చేసిందని.”

చెన్నై ఎండ గురించి నాకు అంతకుముందు తెలియని సంగతి అప్పుడు చెప్పింది. ఈ ఊళ్ళో వేడి సూర్యుడి చేతిలో సగమే ఉంటుందట. మిగతా సగం సముద్రపు గాలి చేతిలో. అది పదకొండింటికే ఒడ్డు ఎక్కితే ముప్ఫై ఆరు దగ్గర ఆగిపోతుంది. మూడింటి దాకా రాకపోతే నలభై ఒకటి, నలభై రెండు. అది ఎప్పుడొస్తుందో తెలియక జనం పడమటి కిటికీలు తెరుచుకుని ఉడికిపోతుంటారు. అది వచ్చాక కూడా తలుపులేసుకుని ఫ్యాను కింద పడుకుంటారు. ఆవిడకి ఆ రెండో సంగతే ఎక్కువ బాధ.

“వచ్చిన గాలి ఊరికే పోతాది మ్మా, ఎవురికీ తెలీకుండా” అంది.

అట్లాగని అధికారుల సూచనలని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. పొద్దున ఆరింటికి టీవీలో వాతావరణం, తర్వాత పేపరు, తర్వాత ఫోనులో రెండు చోట్ల. నాలుగూ చూసేది. నాలుగు అంకెలూ వేరువేరుగా ఉంటే కాగితం మీద పక్కపక్కన రాసి, పిల్లల మార్కులు చూసినట్టు చూసేది. తప్పిన రోజున ఎవరైనా నవ్వితే ఒప్పుకునేది కాదు. “పాపం, వాళ్ళు ఊరు మొత్తానికీ చెప్పాల. నాకేమి, ఇరవై ఇళ్ళు” అనేది.

పొద్దున పదింటికల్లా వంట అయిపోవాలి. పదకొండు తర్వాత ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మధ్యాహ్నం తిండి మట్టికుండలో నానిన రాగి కూళు, అంటే మన అంబలి, పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయ. తర్వాత కుర్చీ. గాలి తిరగ్గానే కాగితం మీద మొదటి నంబరు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ చేసేది. తెలుగువాళ్ళకి తెలుగులో, తమిళులకి తమిళంలో. “కాత్తు వందాచ్చు మా.” రాజస్థాన్ నుంచి వచ్చిన నగల షాపాయనకి హిందీలో ఒక్క ముక్క. ఎవరితోనూ మూడు నిమిషాలు దాటి మాట్లాడేది కాదు. మూడేసి నిమిషాలకి లెక్కగట్టే ట్రంక్ కాల్ రోజుల అలవాటు. ఎదుటివాళ్ళు సంసారం గోడు మొదలుపెడితే, “త్రీ మినిట్స్ అయిపోయింది, ఇంకో లైను వెయిటింగ్ ఉండాది, పెట్టేస్తా” అనేది. ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా.

నాకూ ఆవిడకీ మధ్య జరిగిన ఒక సంగతి చెప్పాలి. చెప్పడం నాకు సుఖంగా ఉండదు.

మేము వచ్చిన మూడో ఏడు ఏసీ పెట్టించుకున్నాం. హాల్లో ఒకటే, అత్తయ్య మంచం అక్కడికే మార్చాం. కిటికీలకి మందపాటి తెరలు కట్టాం. ఏసీ తిరుగుతుండగా ఫోను మోగేది, తూర్పు కిటికీ తెరవమని చెప్పడానికి. రెండు మూడు రోజులు “సరేనండీ” అని పెట్టేశాను. ఒకరోజు తలనొప్పితో పడుకుని ఉంటే మోగింది. విసుగొచ్చింది.

“ఆంటీ, మాకు ఏసీ ఉంది కదండీ. వెదర్ నా ఫోనులోనే చూసుకుంటున్నాను. ఇంక మాకు చెయ్యకండి” అన్నాను.

“సెరి మ్మా” అంది. అంతే. గొంతులో కోపం లేదు, మెత్తదనం తగ్గలేదు. మర్నాటి నుంచి ఫోను రాలేదు.

వారం గడిచాక అత్తయ్య అడిగింది. “ఏమే అమ్మాయ్, ఆ పైనావిడ ఫోను చెయ్యడం లేదేంటి? ఒంట్లో బాగుందా?”

“ఊరెళ్ళిందేమోనండీ” అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని అనుకోలేదు. అత్తయ్య మధ్యాహ్నం పూట ఫోను వైపు చూడ్డం మానలేదు.

ఆ మే నెలలో కత్తిరి ఎండలు మొదలయ్యాయి. ఏడాదిలో అన్నిటికంటే మండే ఆ రోజుల్ని ఇక్కడ అట్లా అంటారు. రెండు రోజులు వరసగా నలభై దాటింది. మూడో రోజుకి నా ఫోను నలభై రెండు చూపించింది. ఆ రోజు నాకు ఊళ్ళో పరీక్ష పేపర్లు దిద్దే పని. మా ఆయన పొద్దున షిఫ్టు. అత్తయ్యకి మజ్జిగ, నీళ్ళు మంచం పక్కన పెట్టి, ఏసీ వేసి వెళ్ళాను.

పదకొండున్నరకి గ్రూపులో మెసేజి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట, ఒక గంట నుంచీ వీధి మొత్తానికీ కరెంటు లేదు, సాయంత్రం దాకా రాదు. ఏసీ ఆగిన గదిలో, తెరలు మూసిన కిటికీల వెనక, డెబ్భై ఆరేళ్ళ మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ సెల్లుకి చేస్తే స్విచ్ఛాఫ్. చార్జి పెట్టుకోవడం ఆవిడకి ఎప్పుడూ అలవాటు కాలేదు. ఇంటి ఫోనుకి చేశాను. ఎంగేజి. అయిదు నిమిషాలాగి చేశాను. ఎంగేజి. మా అత్తయ్య తనంతట తాను ఎవరికీ ఫోను చేసే మనిషి కాదు. రిసీవరు పట్టుకోబోయి పడిపోయిందా? అది కిందపడి వేలాడుతోందా? మా ఆయన ఫోను షిఫ్టులో లాకర్లో ఉంటుంది. వాచ్‌మన్ ఎత్తలేదు.

ఆపరేటరమ్మ నంబరు నా ఫోనులో ఉంది. తీసి చూశాను. ఏ మొహం పెట్టుకుని చెయ్యాలి అనుకుంటూ ఒక నిమిషం పోగొట్టాను. ఆ నిమిషం ఇప్పటికీ గుర్తొస్తుంది. చేశాను. స్విచ్ఛాఫ్.

పేపర్లు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. తీరపు రోడ్డు మీద కంటైనరు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆటోలోకి కొట్టే గాలి పెనం మీది ఆవిరిలాగా ఉంది. దారంతా ఇంటి నంబరు నొక్కుతూనే ఉన్నాను. ప్రతిసారీ ఎంగేజే.

లిఫ్టు లేదు. మెట్లెక్కేసరికి మా తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం దగ్గరే, నేల మీద తడిపి పరిచిన నూలు చీర మీద అత్తయ్య పడుకుని ఉంది. నుదుటి మీద తడిగుడ్డ, పాదాలు నీళ్ళ పళ్ళెంలో. కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్కన పీట మీద ఆపరేటరమ్మ, ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ, రెండో చేత్తో మా ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడుతోంది.

“ఈ పొద్దు గాలి లేటు. ఆడ పైన ఉండొద్దు, కింద పార్కింగుకి దిగండి. బకెట్లో నీళ్ళు పట్టుకోండి. సెరి, త్రీ మినిట్స్ అయిపోయింది, పెట్టేస్తా.” పెట్టేసి నన్ను చూసింది. “భయపడబాకు మ్మా. కళ్ళు తిరిగి పడబోయింది, అంతే. ఉప్పు చక్కెర కలిపి నీళ్ళు తాగిస్తా ఉండా. వీధి చివర డాక్టరమ్మ వచ్చి చూసి పోయింది. ఇట్లే చల్లగా పెట్టమనింది.”

నా సెల్లులో ఎన్ని కాల్స్ పోయాయో అప్పుడు చూసుకున్నాను. ఇరవై మూడు. అన్నిటికీ ఎంగేజి చెప్పింది ఈవిడే. కరెంటు పోయినా తీగ ఫోను పనిచేస్తుంది కాబట్టి, తన సెల్లులో చార్జి అయిపోయిందని, మా ఇంట్లోంచి బిల్డింగులో ముసలివాళ్ళందరికీ చేస్తోంది. చేతిలో కాగితం లేదు. ఇరవై నంబర్లూ నోటికొచ్చు.

“మీకెట్లా తెలిసిందండీ, అత్తయ్య సంగతి?” అన్నాను.

“కరెంటు పోయింది కదా. నువ్వు పొద్దునే పోవడం కిటికీలోంచి చూసినా. ఏసీ ఇండ్లల్లోనే మ్మా తొందరగా అవస్థ పడేది. గాలికి దారి ఉండదు కదా.”

“మెట్లు దిగి వచ్చారా, ఆ మోకాళ్ళతో?”

“ఫోను చెయ్యొద్దంటివి. రావద్దనలేదు కదా” అంది.

దెప్పుతూ అనలేదు. నియమం ఎక్కడిదాకా ఉందో చూసుకుని, అక్కడిదాకా పాటించిన మనిషి చెప్పినట్టు చెప్పింది. నేను తలుపు దగ్గరే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఆవిడ అది చూడనట్టు విసనకర్ర నా చేతికిచ్చి మళ్ళీ ఫోను అందుకుంది.

ఆ మధ్యాహ్నం ముగ్గురం గుమ్మంలోనే ఉన్నాం. మా ఇంటికి ఉత్తరపు కిటికీ లేదు, పొగ కనిపించదు. ఆవిడ వాసన పట్టి కూర్చుంది. మనలి నూనె వాసన రెండింటికీ ఉంది, మూడింటికీ ఉంది. నేను ఆగలేక ఫోను తీసి చూశాను. నలభై రెండున్నర.

“ఎంత చెప్తా ఉండాది?” అని అడిగింది.

చెప్పాను.

“కరెక్టే” అంది. “ఈ పొద్దు వాళ్ళు కరెక్టుగా చెప్పినారు.”

నాలుగింటికి పది నిమిషాల ముందు ఆవిడ విసరడం ఆపి తల ఎత్తింది. నాకేమీ తెలియలేదు. లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళి, తూర్పు కిటికీకి మేం కట్టిన తెర పక్కకి లాగి, రెక్కలు తీసింది. తెర ఒకసారి లోపలికి ఉబ్బింది. ఉప్పు వాసన నేల మీద పడుకున్న అత్తయ్య దాకా వచ్చింది.

“వదినగారూ, వచ్చిందండీ” అంది అత్తయ్య, తనే కనిపెట్టినట్టు.

“ఆమా అక్కా, వచ్చింది” అని, ఆపరేటరమ్మ మళ్ళీ పీట మీద కూర్చుని మొదటి నంబరు తిప్పింది.

రెండు రోజుల తర్వాత పైకి వెళ్ళి క్షమించమన్నాను. మా నంబరు మళ్ళీ రాసుకోమన్నాను. అట్ట తీసి చూపించింది. అయిదో వరసలో మా నంబరు మీద సన్నగా ఒక గీత ఉంది.

“కొట్టేసింది అట్లే ఉండనీ మ్మా. కింద రాస్తా” అని అడుగున, ఇరవయ్యో నంబరు తర్వాత రాసింది. శిక్షేమో అనుకున్నాను. ఆ మర్నాడే తెలిసింది. చివరి నంబరు కాబట్టి మా తర్వాత ఇంకో లైను వెయిటింగ్ లేదు. గాలి తిరిగిందని చెప్పాక ఆవిడా, మా అత్తయ్యా అరగంట మాట్లాడుకునేవాళ్ళు. ఒంగోలు తెలుగూ పట్నం తెలుగూ ఒకదాన్నొకటి దిద్దుకుంటూ. అత్తయ్య నవ్వు పక్క గదిలోకి వినిపించేది. ఈ ఊళ్ళో ఆవిడకి దొరికిన ఒకే ఒక్క స్నేహం అది.

ఊరెళ్ళిందేమోనన్న నా అబద్ధం సంగతి కూడా అత్తయ్యకి చెప్పేశాను. “తెలుసులేవే. ఊరెళ్ళిన మనిషి చెప్పుల చప్పుడు రోజూ మెట్ల మీద ఎట్లా వినిపిస్తుంది?” అంది.

ఆపరేటరమ్మ నవంబరు వానల్లో పోయింది. గుండె జబ్బని అప్పటికి ఏడాదిగా మందులు వాడుతోంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, అట్టే బాధపడకుండా వెళ్ళిపోయింది. తమ్ముడి పిల్లలు వచ్చి చెయ్యాల్సినవి చేశారు. ఆ రోజు ఉష్ణోగ్రత ఎంతో నేను చూడలేదు. చల్లగా ఉంది, అంతే గుర్తు.

నాకు ఆవిడ ఆసుపత్రి మంచం మీద గుర్తు రాదు. పోయిన ఎండాకాలంలో ఒక ఆదివారం గుర్తొస్తుంది. ఆ పొద్దున తనే ఫోను చేసింది. గాలి తిరిగే వేళ కాదు, తొమ్మిది కూడా కాలేదు.

“మ్మా, నువ్వు కాలీగా ఉంటే నన్ను ఒకసారి కడలికాడికి తీసకపోతావా?”

రోజూ సాయంత్రాలు ఊరంతా వెళ్ళే చోటే. ఆవిడ వెళ్ళక చాలా ఏళ్ళయిందట. అదీ సాయంత్రం కాదు, పదిన్నరకి వెళ్ళాలంది. ఎండ కదా అంటే, “గాలి వచ్చేది సూడాల” అంది. ఇన్నేళ్ళు దాని గురించి చెప్పిందే గానీ, అది నీళ్ళ మీద ఎట్లా వస్తుందో ఒక్కసారీ చూడలేదట. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ వేళకి హెడ్‌ఫోన్ చెవికి ఉండేది. తర్వాత కిటికీ వదిలితే ఇరవై ఇళ్ళకి ఎవరు చెప్తారని.

ఆటోలో వెళ్ళాం. జాలర్ల పేట దాటి, ఒడ్డున రాళ్ళు పోసిన చోట, పడవ నీడలో ఆవిడ కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి వేయించాను. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. సముద్రం నూనె పోసినట్టు నున్నగా, తెల్లగా మెరుస్తోంది. వెనక నుంచి భూమి గాలి వీపు కాలుస్తోంది. వలలు బాగుచేసుకుంటున్న ఒకామె మా ఇద్దరినీ వింతగా చూసింది. ముప్పావుగంట గడిచింది. నేను రెండుసార్లు పోదామా అన్నాను.

పదకొండుంబావుకి దూరంగా నీళ్ళ మీద ఒక గీత కనిపించింది. నున్నటి తెలుపుకి అవతల, సన్నగా, ముదురు నీలం. అది వెడల్పవుతూ మా వైపు కదిలింది. దాని అవతల నీళ్ళు చిన్న చిన్న ముడతలు పడుతున్నాయి, ఇవతల ఇంకా అద్దంలాగే ఉన్నాయి.

“అదేనా?” అంది. గొంతు తగ్గించి, ఎవరికైనా వినపడితే ఆగిపోతుందన్నట్టు.

“అదేనేమో ఆంటీ.”

గీత ఒడ్డుకి చేరింది. ముందు ఇసుక మీది ప్లాస్టిక్ కవరు కదిలింది. తర్వాత నా చేతిలో గొడుగు వెనక్కి తన్నింది. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని మొహం ఎత్తింది. నెరిసిన జుట్టు ముడి లోంచి ఊడి చెవుల వెనక్కి ఎగిరింది. సర్దుకోలేదు. ఫోను సంచీలోనే ఉంది, తియ్యలేదు. నేను గుర్తు చేద్దామనుకుని మానుకున్నాను.

కాసేపటికి నా ఫోను మోగింది. తనంతట తాను ఎవరికీ చెయ్యని అత్తయ్య.

“ఏమే, వదినగారు ఇంకా ఫోను చెయ్యలేదు. గాలి వచ్చిందా లేదా? కిటికీ తియ్యనా వద్దా?”

ఆవిడకి ఇచ్చాను. కళ్ళు సముద్రం మీది నుంచి తిప్పకుండా చెవి దగ్గర పెట్టుకుంది.

“అక్కా, వచ్చింది. ఈడ నా మొగం మీదనే ఉండాది. మీకాడికి రావడానికి ఇంకో పది నిమిషాలు పడతాది” అంది. “ఇప్పుడే తెరిసిపెట్టుకో.”

ఫోను నాకు తిరిగిచ్చి, “ఇంకొంచెంసేపు ఉందాం మ్మా” అంది.

ఒంటిగంట దాకా ఉన్నాం.